సేవ్ చేయని దారి

ఆ మంగళవారానికి బాలరాజు పోయి తొమ్మిది రోజులు. యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో ఇరవై రెండేళ్లు వంట చేసిన మనిషి. కాలి మీద మరిగే సాంబారు ఒలికి, పుండు చీము పట్టి, ఒళ్లు తెలియని జ్వరంతో ఒక ఆదివారం మధ్యాహ్నం తార్నాక ఆస్పత్రిలో చేరాడు. అక్కడ ఒక సూది వేశారు. ఆ మందు ఆయనకు పడదని నాలుగేళ్ల క్రితమే క్యాంపస్ హెల్త్ సెంటర్ కంప్యూటర్‌లో రాసి ఉంది. తార్నాక డాక్టరు ఆస్పత్రి నుంచే ఆ కంప్యూటర్‌లో వెతికితే తెర మీద 'వివరాలు లేవు' అని వచ్చింది. ఏ ఇబ్బందీ లేదని అర్థం చేసుకుని సూది వేశారు. గంట తిరక్కముందే బాలరాజు ఊపిరి ఆగింది.

సరిగ్గా ఆ వేళకే లాలాపేట్ దగ్గర డ్రైనేజీ కోసం తవ్వుతూ క్యాంపస్‌కూ ఆస్పత్రికీ మధ్య ఉన్న కేబుల్ తెంపేశారు. అలా తెగినప్పుడు పాత టెలిఫోన్ తీగ మీద మోడెం తనంతట తానే డయల్ చేసి రెండో దారి తెరవాలి. మోడెం డయల్ చేసింది. లైను కలిసింది. కబురు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో బుధవారం పదకొండు గంటలకు విచారణ కమిటీ అడగబోతోంది.

కమిటీకి ఇవ్వాల్సిన జవాబు స్వర్ణ టేబుల్ మీద ఉంది. ఆమె కంప్యూటర్ సెంటర్‌లో కాంట్రాక్టు ఉద్యోగి, రూటర్లు చూసుకునే పని. ఆ జవాబు ఆమె రాసింది కాదు. పని నేర్పిన పెద్దాయన దానయ్య టైపు చేయించి ఇచ్చింది. 'లైనులో లోపం లేదు. ప్రతి నెలా పరీక్షించాం. ఆస్పత్రి సిబ్బంది ఓపికగా వెతకలేదు. మందు పడదన్న సంగతి రోగి భార్య చెప్పలేదు.' కింద స్వర్ణ సంతకానికి చోటు వదిలారు.

స్వర్ణ సంతకం పెట్టలేదు. కాగితం మడిచి బ్యాగులో వేసుకుంది. ల్యాప్‌టాప్, నీలం రంగు కేబుల్ కూడా వేసుకుని, స్కూటీ తాళం చేతిలో పట్టుకుని బయటికి వచ్చింది.

మెట్ల మీద బాలరాజు భార్య లచ్చమ్మ కూర్చుని ఉంది. అంత్యక్రియలైన మర్నాటి నుంచి అక్కడే కూర్చుంటోంది. ఎవరినీ తిట్టదు, ఏమీ అడగదు. పొద్దున వస్తుంది, సాయంత్రం పోతుంది.

"తార్నాక పోతున్నవా మేడం?"

"నీకెవరు చెప్పిన్రు అక్కా?"

"ఎవ్వరు చెప్పలే. రోజు చూస్తున్న గద. చాయ్‌కి పోతే నువ్వు బ్యాగు పట్టుకపోవు." లచ్చమ్మ లేచి కొంగు దులుపుకుంది. "నేను గూడ వస్త."

"గాడ నీకేం పని అక్కా? నేను మిషన్ చూసేదున్నది."

"నేను గూడ మిషన్‌నే చూస్త. డాక్టర్‌ను చూసిన. సూది వేసిన నర్సమ్మను చూసిన. గా మిషన్‌నొక్కటే చూడలే."

స్వర్ణ కాదనలేకపోయింది. స్కూటీ మీద వెనక ఎక్కించుకుంది. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడితే, లచ్చమ్మ ఒక్కసారి ఆమె నడుం గట్టిగా పట్టుకుని మళ్లీ వదిలేసింది. ఆ ఆదివారం ఆటోలో బాలరాజు తల ఒళ్లో పెట్టుకుని ఆమె ఆగిన సిగ్నల్ అదే.

ఆస్పత్రిలో రూటర్ ఉండేది మెట్లు దిగితే వచ్చే కింది గదిలో. తాళం వాచ్‌మన్ వెంకటేశం దగ్గర ఉంటుంది. తుడిచే బకెట్లు, విరిగిన స్టూలు, ఆయన టిఫిన్ గిన్నె కూడా అందులోనే.

"ఏంది మేడం, ఫోన్ పెట్టెకు జరమొచ్చిందా?" అన్నాడు తాళం తీస్తూ. "కేబుల్ తెగిన ఆదివారం ఏం ఏడ్సిందనుకున్నవ్! కీ, గర్ర్ అని. లోపల పిల్లి ఇరికిందని కట్టె పట్టుకొని వచ్చిన. తీరా చూస్తే—"

స్వర్ణ వెనుక నిలబడిన లచ్చమ్మ అప్పుడు కనిపించింది ఆయనకు. టిఫిన్ గిన్నె చంకలో పెట్టుకుని, తలుపు పూర్తిగా తెరిచి పైకి వెళ్లిపోయాడు.

స్వర్ణ ఒక బకెట్ బోర్లించి కూర్చుంది. ల్యాప్‌టాప్ మోకాళ్ల మీద పెట్టుకుని కేబుల్ రూటర్‌కు తగిలించింది. లచ్చమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వచ్చి పక్కన నిలబడింది.

"గిదేనా?"

"గిదే."

"గింతేనా? మా పప్పు డబ్బా అంత గూడ లేదు."

"దీనికి తనంతట ఏం తెల్వదు అక్కా. ఏ కబురు ఎటు పంపాల్నో మేమే రాసి పెడ్తం. క్యాంపస్‌ల గిట్లాంటిదే ఇంకొకటి ఉన్నది. దాని రాత దానిది, దీని రాత దీనిది. రెండిట్ల రెండేసి దార్లు రాయాలె. మొదటిది కేబుల్ దారి. అది తెగితే ఫోన్ తీగ దారి. ఫోన్ దారికి పెద్ద నంబర్ ఇస్తం, కేబుల్ మంచిగున్నంత సేపు దాని జోలికి పోవద్దని."

లచ్చమ్మ తల ఊపింది. "మెస్‌ల గట్లనే. గ్యాస్ అయిపోతెనే కట్టెల పొయ్యి ముట్టించాలె. ఊకె ముట్టిస్తే సూపర్‌వైజర్ మొత్తుకుంటడు."

"ఆ. గంతే."

తర్వాతి మాట స్వర్ణ పైకి అనలేదు. క్యాంపస్ రూటర్‌ను ఆమె అప్పటికే చూసింది. అందులో రెండు దార్లూ ఉన్నాయి. ఆ ఆదివారం ఫోన్ లైను నలభై ఏడు నిమిషాలు కలిసే ఉందని కూడా అది చూపించింది. నలభై ఏడు నిమిషాల్లో ఆస్పత్రి వైపు నుంచి ఒక్క ముక్క దాటి రాలేదు. అంటే ఇక్కడి పెట్టెకు రెండో దారి తెలియదు. అవతలి వాళ్లు ఫోన్ చేసి పట్టుకుని నిలబడితే, ఇవతల ఉన్నది తెగిన కేబుల్‌లోకే కబుర్లు వేస్తూ కూర్చుందన్నమాట. స్వర్ణ అనుమానం అది. చూసి తేల్చుకుందామనే వచ్చింది.

ఆ అనుమానం నిజమైతే తప్పు ఆమె దాకా కూడా వస్తుంది. ప్రతి నెలా మొదటి శనివారం క్యాంపస్‌లో కేబుల్ పీకి పరీక్ష చేస్తారు. మోడెం డయల్ చేస్తుంది, కీచుమని అరుస్తుంది, అరుపు ఆగి లైటు వెలుగుతుంది. రిజిస్టర్‌లో 'బ్యాకప్ ఓకే' అని రాసి సంతకం పెట్టి, కేబుల్ మళ్లీ తగిలిస్తారు. అరుపు వింటే చాలు. ఆ సెంటర్‌లో అందరూ అలాగే చేశారు. అవతల ఆస్పత్రిలో ఎవరికైనా ఫోన్ చేసి, ఒక్క పేరు వెతికి చూడండి, వస్తోందా అని అడిగిన వాళ్లు లేరు. గడిచిన నాలుగు నెలల సంతకాలు స్వర్ణవి.

ఆమె కమాండ్ కొట్టింది. తెర మీద వరుసలు వచ్చాయి.

రెండు దార్లూ ఉన్నాయి.

మళ్లీ చూసింది. కేబుల్ దారి, దాని కింద ఫోన్ దారి, పక్కన పెద్ద నంబర్. ఒక్క అంకె కూడా తప్పు లేదు. ముందు ఆమెకు కలిగింది ఊరట. తన నాలుగు సంతకాలూ అబద్ధం కాదన్న ఊరట. లచ్చమ్మ ముఖం చూడగానే ఆ ఊరటకు సిగ్గేసింది.

"ఏమున్నది బిడ్డా?"

"రెండు దార్లున్నయ్ అక్కా."

"ఉంటె మరి కబురెందుకు రాలే?"

లచ్చమ్మ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

"అయితే నేనే సంపిన."

"అట్లెందుకంటవ్ అక్కా?"

"డాక్టర్ అడిగిండు. కంప్యూటర్‌ల ఏం లేదు గని, ఈయనకు ఏ సూదన్న పడదా అమ్మా అని. అన్ని పడ్తయ్ సారు అన్న." ఆమె గొంతు పెరగలేదు, తగ్గలేదు. "నాకు తెల్వనే తెల్వదు. తెల్వదంటే పెద్ద దవాఖానకు తీస్కపొమ్మంటరేమో అని భయమైంది. అంత దూరం ఆయన ఆగడు అనిపించింది. జల్ది సూది వెయ్యాలని అన్ని పడ్తయ్ అన్న. నాలుగేండ్ల కింద హెల్త్ సెంటర్ నుంచి వచ్చి ఒళ్లంతా దద్దుర్లు లేసినయే అన్నడు. కొత్త చింతకాయ తొక్కు తిన్నవ్, అందుకే అని నేనే తిట్టిన."

"విన్నవ్ గద స్వర్ణా?"

గుమ్మంలో దానయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు. రెండు నెలల్లో రిటైర్ అవుతాడు. స్వర్ణ వెళ్లే లాలాపేట్ చర్చిలో పెద్దమనిషి. తండ్రి పోయి, చదువు మధ్యలో ఆగినప్పుడు ఆమెను ఈ ఉద్యోగంలో పెట్టించింది, మొదటి కేబుల్ చేతికిచ్చి నేర్పించింది ఆయనే. వెంకటేశం ఫోన్ చేసి ఉంటాడు.

"ఆమెనే ఒప్పుకుంటున్నది," అన్నాడు దానయ్య మెత్తగా. "నేను గామె మీద నేరం మోపుతలేను. ఎవరైనా గట్లనే అంటరు. రెండు దార్లు మంచిగున్నయ్. చూసినవ్ గద. సంతకం పెట్టి ఇంటికి పో బిడ్డా."

స్వర్ణ తెర వైపు చూసింది. తెర తన వైపు ఉంది. గుమ్మంలోంచి ఆయనకు కనబడదు.

"రెండున్నయని మీకెట్ల తెలుసు సార్?"

"నేనే గద పెట్టింది."

"ఎప్పుడు?"

"నాలుగు నెలల కింద. పాత పెట్టె కాలిపోతే ఇది తెచ్చి పెట్టిన నాడు."

అప్పుడు స్వర్ణకు దానయ్య పని చేసే పద్ధతి మనసులో మెదిలింది. ఆయన ఏ మార్పు చేసినా వెంటనే సేవ్ చేయడు. ఒక రోజు నడవనిచ్చి చూస్తాడు. 'తప్పయితే కరెంటు తీసి పెట్టు, అది మర్చిపోతది, పాతది తిరిగొస్తది. ఒప్పయితే తెల్లారి వచ్చి సేవ్ చెయ్యి.' తొమ్మిదేళ్ల క్రితం ఆమెకు నేర్పిన మొదటి పాఠం అది. మంచి పద్ధతే, తెల్లారి వచ్చి సేవ్ చేసినంత కాలం.

ఆ పెట్టెలో రాత రెండు చోట్ల ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్నది ఒకటి. కరెంటు పోయి వచ్చినప్పుడు చూసుకునేందుకు దాచుకున్నది ఇంకొకటి. స్వర్ణ ఇంతవరకు చూసింది నడుస్తున్నది. ఇప్పుడు దాచుకున్నది తెరిచి, రెండింటినీ ఒకే తెర మీద పైనా కిందా పెట్టింది.

"అక్కా, గిటు రా. పైన ఇక్కడ ఎన్ని గీతలున్నయ్?"

లచ్చమ్మ లేచి వచ్చి వంగి చూసింది. "నాకు చదువు రాదు."

"చదవకు. లెక్కపెట్టు."

"రెండు."

"కింద?"

"ఒకటే."

"కరెంటు పోయి వస్తే దీనికి కిందిదే గుర్తుంటది. ఒకటే దారి."

లచ్చమ్మ వేలు తెర మీద పై వరుస దగ్గర ఆగింది. "మరి గీ రెండోది ఎప్పుడొచ్చింది?"

స్వర్ణ అడగాలనుకున్న ప్రశ్నే అది. ఎప్పుడు మార్చారో ఆ పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. చూసి, పైకి చదివింది.

"సోమవారం. పొద్దున ఆరు గంటల పన్నెండు నిమిషాలు."

"ఏ సోమారం?"

"ఆదివారం తెల్లారి సోమవారమే అక్కా."

లచ్చమ్మ మెల్లగా తల తిప్పి గుమ్మంలోకి చూసింది.

"ఆయనను లోపల ఐస్‌ల పెట్టిన్రు. నేను పైన బెంచీ మీద కూసున్న. అప్పుడే తెల్లారుతున్నది. మీరు గొడుగు పట్టుకొని వచ్చిన్రు. మా ఆయన కోసమే వచ్చిన్రనుకొని లేసి దండం పెట్టిన. మీరు గూడ పెట్టి, కిందికి దిగిన్రు."

దానయ్య గొడుగు గోడకు ఆనించాడు. అది జారి కింద పడినా తీయలేదు. విరిగిన స్టూలు మీద కూర్చున్నాడు. కళ్లజోడు తీశాడు.

"నాలుగు నెలల కింద పెట్టిన మాట నిజమే," అన్నాడు. "ఒక రోజు నడవనిద్దామని సేవ్ చెయ్యలే. తెల్లారి మా ఇంటామెకు కన్ను ఆపరేషన్. దవాఖాన చుట్టే తిరిగిన. మర్చిపోయిన. మధ్యల ఎప్పుడో కరెంటు పోయుంటది. కేబుల్ మంచిగనే ఉన్నది గద, ఎవరికి తెలుస్తది? ఆదివారం కబురు తెలిసినంక నాకు నిద్ర లేదు. తెల్లారి వచ్చి మళ్ల కొట్టిన."

"మళ్ల సేవ్ చెయ్యలే."

"చేతులు వణికినయ్ బిడ్డా. పైన గీమె కూసున్నది. దండం పెట్టింది. అదే కండ్ల ముంగట ఆడింది. కొట్టి, పెట్టె మూసి, ఉరికిన."

పై అంతస్తులో ఎవరో ట్రాలీ నెట్టుకుపోతున్న చప్పుడు. రూటర్ మీద పచ్చ లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది.

"ఒక్క మాట కొట్టు స్వర్ణా," అన్నాడు దానయ్య. "సేవ్ చెయ్యి. పైనా కిందా ఒకటే అయితయ్. ఎవరొచ్చి చూసినా రెండు దార్లే కనబడ్తయ్. నేను పోయేటోన్ని. నువ్వు ఉండేదానివి. రిజిస్టర్‌ల సంతకాలు నీవే ఉన్నయ్, నావి కావు."

"అరుపు వింటే చాలని మీరే గద సార్ నేర్పింది?"

"నేర్పిన. కాదంటలేను. రాసింది నువ్వు."

"ఈమెకేం చెప్పాలె సార్?" అంది స్వర్ణ. "గీ కాగితంల ఉన్నదే చెప్పాల్నా? చెప్పలేదు కాబట్టి నువ్వే సంపినవ్ అని? తొమ్మిది రోజుల సంది గామె అదే అనుకుంటున్నది. మీరే చెప్పున్రి, ఎదురుంగనే ఉన్నది."

దానయ్య కళ్లజోడు అద్దాలు చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోయాడు.

లచ్చమ్మ చేయి స్వర్ణ భుజం మీద పడింది. వంటింటి చేయి, బరువైన చేయి.

"నేను కాదా బిడ్డా?"

"నువ్వు కాదు అక్కా. నువ్వు పడ్తయ్ అన్నా, తెల్వదన్నా, గా కబురు వచ్చుంటే డాక్టర్ ఆ సూది ముట్టకపోతుండె. కబురు గీడ ఆగింది. గీ పెట్టెల."

"రేపు గిదే చెప్తవా? కమిటీ సార్ల ముంగట?"

"చెప్త."

"గీ గీతలు సూపెడ్తవా?"

"సూపెడ్త అక్కా."

"చూపెట్టే ముందు," దానయ్య తల ఎత్తకుండానే అన్నాడు, "ఆ టైం పక్కన ఇంకో ముక్కున్నది. అది గూడ చదువు."

స్వర్ణ చూసింది. మార్పు చేసిన వారం, గంట, నిమిషం. దాని పక్కన, ఎవరు మార్చారో ఆ పేరు.

కంప్యూటర్ సెంటర్‌లో బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. అందరి పేర్లూ, అందరి పాస్‌వర్డులూ. ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఇబ్బంది పడకూడదని ఎన్నో ఏళ్లుగా ఉన్న ఏర్పాటు. తప్పని ఎవరికీ తోచలేదు.

"నాది మూడుసార్లు తప్పు కొట్టిన. రానియ్యలే. నీది నోటికుండె, మీ పాప పుట్టినరోజు గద," అన్నాడు దానయ్య. "కావాలని చెయ్యలే బిడ్డా." నిజంగానే కావాలని చేయలేదో, చేశాడో, కళ్లజోడు లేని ఆ ముఖంలో స్వర్ణకు తెలియలేదు.

"ఏమున్నది గాడ?" అంది లచ్చమ్మ. "చదువు."

చదవడం రాని మనిషి. తెర మీద ఏ పేరున్నా ఆమెకు ఒకటే. దానయ్య అని చదివితే నమ్ముతుంది. పైగా చేసింది ఆయనే, అదేమీ అబద్ధం కూడా కాదు.

"స్వర్ణ అని ఉన్నది అక్కా. నా పేరు."

భుజం మీది చేయి కదల్లేదు.

"అది సారు పెట్టిండు. ఇన్న," అంది లచ్చమ్మ. "చదువు రాదు గని చెవులున్నయ్ నాకు. ఇంకోటి చెప్పు. ఓకే అని రాసింది ఎవరు? నెలకొక్కసారి, నాలుగుసార్లు?"

"నేనే."

"అరుపు ఇని?"

"అరుపు విని."

"గీడికొచ్చి ఒక్కసారి సూడలేదా? స్కూటీ మీద పది నిమిషాలు గూడ పట్టలే ఇయ్యాల."



చేయి భుజం మీది నుంచి లేచింది. లచ్చమ్మ చెప్పులు కూడా వేసుకోలేదు. దానయ్య మోకాళ్లు దాటుకుని, కింద పడ్డ గొడుగు దాటుకుని, మెట్లెక్కి పోయింది. పైన ఆమె గొంతు వినిపించింది, గట్టిగా, ఎవరూ తప్పు వినకుండా.

"వెంకటేశమన్నా, పోలీస్ ఠాణ ఎటు దిక్కున్నది?"

స్వర్ణ ల్యాప్‌టాప్ బకెట్ మీద పెట్టి మెట్ల దగ్గరికి ఉరికింది. "అక్కా, ఆగు. నేను గూడ వస్త. ఒక్క నిమిషం ఆగు."

నాలుగో మెట్టు మీద ఆగిపోయింది. తిరిగి చూసింది.

దానయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. స్టూలు బకెట్ దగ్గరికి జరుపుకుని, ల్యాప్‌టాప్ మీదికి వంగి ఉన్నాడు. ఈసారి ఆయన చేతులు వణకడం లేదు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరమే, తప్పు పోకుండా ఆ ఒక్క మాట కొడుతున్నాడు.